నాలుగువందల పన్నెండో బిళ్ళ

చర్మం వార్డు కింద, మెట్లు దిగితే చీకటి గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. దాని తాళంచెవి ముప్పై ఒక్క ఏళ్ళు నా బొడ్డునే ఉంది. విశాఖపట్నంలో ఆ పెద్దాసుపత్రిలో నేను ఆయాని. ఎవరి ఒంటి మీద ఏ మచ్చ కోసినా, ఏ కాయ తీసినా, అందులోంచి గోరంత ముక్క మైనంలో పొదిగి, చదరంగా బిళ్ళ చేసి, పేరూ అంకే వేసి ఇచ్చేవారు. వరసగా బీరువాలో పెట్టేది నేను. డాక్టర్లు మారిపోయారు, నర్సులు మారిపోయారు, గోడల రంగు మూడుసార్లు మారింది. బిళ్ళలూ నేనూ మాత్రం అక్కడే.

నేను రిటైరై ఆరేళ్ళయ్యాక, ఒకరోజు పొద్దున్నే పప్పు నానబోసుకుంటుంటే, ఒక సన్నటి అమ్మాయి కంచరపాలెంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. డాక్టర్ మృణాళిని. వెనకాలే కంప్యూటరు సంచీతో ఇంకొకతను, ఇంజనీరు, పేరు ఫిరోజ్. కుర్చీ ఒక్కటే ఉంది మా ఇంట్లో. అతను గడప మీద కూర్చున్నాడు.

"అప్పయ్యమ్మగారంటే మీరేనా? బీరువాలో ఆరువందల నలభై మూడు బిళ్ళలున్నాయి మామ్మా. కేసు షీట్లన్నీ చెదలు తినేశాయి. ఆ మనుషులు తర్వాత ఏమయ్యారో ఎవరికీ తెలీదు. మీకు తెలుసని చెప్పారు."

"నాకెక్కడ తెలుస్తుందమ్మా, నేను చదివింది నాలుగు."

"నూట ఏడు, బుగత సన్యాసప్పడు," అన్నాడు ఫిరోజ్, ఫోనులో చూసి.

"వాడా! కుడిచెవి వెనక మచ్చ. లారీ క్లీనరు. కోసినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, అంత మీసం పెట్టుకుని. బాగున్నాడు, గాజువాకలో టైర్ల కొట్టు పెట్టాడు. పోయినేడు మనవరాలి పేరంటానికి పిలిస్తే మోకాళ్ళ నొప్పని వెళ్ళలేదు."

వాళ్ళిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంకో పది పేర్లడిగారు. పదీ చెప్పాను. నాకదేం గొప్పగా అనిపించలేదు. వార్డులో పడుకున్న మనిషి పక్కన కూర్చుంటే వాళ్ళే చెప్తారు ఊరూ పేరూ. మళ్ళీ వచ్చినప్పుడు పలకరిస్తే మిగతాదీ చెప్తారు. రాకపోతే వాళ్ళ ఊరివాళ్ళు ఎవరో వస్తారు, వాళ్ళనడుగుతాం. అంతే.

"మామ్మా, నీ బుర్రకి ఛార్జింగు ఎక్కడ పెడతావు?" అన్నాడు ఫిరోజ్.

"రెండు పూటలా కాఫీ పోస్తే చాలు నాయనా."

అలా మొదలైంది.

వాళ్ళు చేస్తున్న పని నాకు ఇలా అర్థమైంది. కొన్ని మచ్చలుంటాయి, మైక్రోస్కోపు కింద పెట్టి ఎంత గొప్ప డాక్టరు చూసినా, మంచిదో కేన్సరో తేలదు. ఒకాయన వదిలేయమంటాడు, ఒకావిడ ఇప్పుడే కోసెయ్యమంటుంది. చేపల బజార్లో చూడండి, కన్ను నిగనిగలాడుతూనే ఉంటుంది, మొప్ప ఎత్తితే గానీ లోపలి సంగతి తెలీదు. మృణాళిని కనిపెట్టిన పెట్టె మొప్ప ఎత్తి చూసే రకం. మచ్చ మీద చిన్న అంటుపట్టీ వేసి పీకితే దానికి కంటికి కనపడనంత చర్మం వస్తుంది. అది పెట్టెలో పెడితే, కణాల లోపల ఇరవై మూడు గుర్తులు వెతికి, వందకి ఇంత అని ఒక అంకె చెప్తుంది. పదిలోపయితే వదిలెయ్యొచ్చు. యాభై దాటితే కొయ్యాలి. మధ్యలోవయితే కాపలా కాయాలి.

గుర్తులు వెతకడం దానికి వచ్చు. ఏ గుర్తుంటే మనిషి ఏమవుతాడో రాదు. అందుకే పాత బిళ్ళలు కావాలి. బిళ్ళని ఉల్లిపొరలా చెక్కి పెట్టెలో పెడతారు. "ఈ మనిషి ఏమైంది మామ్మా?" అని ఫిరోజ్ అడుగుతాడు. బతికుంది అంటాను, లేదా పోయింది అంటాను. ఎన్నాళ్ళకి, ఎలాగ, అన్నీ చెప్తాను. అతను రాస్తాడు. పెట్టె నేర్చుకుంటుంది. ఆరువందల నలభై ముగ్గురి బతుకులు అలా దానికి పాఠం చెప్పాను. నాలుగో క్లాసు చదివినదాన్ని, నాకొక శిష్యుడు దొరికాడని ఇంటి చుట్టుపక్కల అందరికీ చెప్పుకున్నాను కూడా.

ఊరికే నా మాట మీద పోలేదు వాళ్ళు. దొరికినంతమందిని జీపులో వెళ్ళి చూసేవాళ్ళం. ఇంటివాళ్ళ చేత వేలిముద్ర వేయించుకునేవాళ్ళం. రెండేళ్ళు తిరిగాం. ఎక్కడికెళ్ళినా నేను చెప్పిందే నిజమయ్యేది.

ఆ తిరుగుళ్ళలోనే భీమిలి దాటాక ఒక చేపలపల్లెకి వెళ్ళాం. నాలుగువందల పన్నెండు. సూరాడ కాసులమ్మ. ఆ పిల్ల సంగతి వాళ్ళకింకా చెప్పలేదు నేను.

కాసులమ్మ ఇరవయ్యారేళ్ళ పిల్ల. మడమ మీద మచ్చ. ఇసకలో చెప్పుల్లేకుండా తిరిగే కాళ్ళు, ఎవరు చూస్తారు? కోశాక ఒక డాక్టరు మంచిదేనని రాశాడు, ఇంకొకాయన అనుమానమని రాశాడు. ఇంటికి పంపేశారు. రెండేళ్ళకి గజ్జల్లో గడ్డతో తిరిగొచ్చింది. మా వార్డులోనే పోయింది. చివరి స్నానం నేనే చేయించాను. దాని అన్న గోడకి తల ఆనించుకుని, "మా అమ్మకి సెప్పకండి" అన్నాడు. ఆ ఏడే వాళ్ళ నాన్నా చిన్నతమ్ముడూ వేటకెళ్ళి సముద్రంలో పోయారు. తల్లికి గుండె జబ్బు. కూతురు మొగుడితో పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళిపోయిందని చెప్పాడు. ఆ పల్లెలో సగం కుటుంబాలకి అక్కడ చుట్టాలున్నారు, ఎవరూ వింతగా అనుకోలేదు. ఊరు ఊరంతా ఆ ముసలామె దగ్గర అదే మాట మీద నిలబడింది, పన్నెండేళ్ళు.

మేం వెళ్ళేసరికి అన్న వేటలో ఉన్నాడు. తల్లి ఎర్రమ్మ వల పక్కన నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. పెద్దాసుపత్రి నుంచి వచ్చామనగానే నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఓలమ్మ, నా గుంటని సూసింది నువ్వేనా! కాలు తగ్గిపోనాది కదా? కుంటకుండా నడస్తందా?"

చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నా నోటికేసి చూస్తున్నారు. కళ్ళతో వద్దంటున్నారు.

"బాగా నడుస్తోందమ్మా," అన్నాను. "పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ఇద్దరు పిల్లలు."

"మావోడూ అదే సెప్తాడు. ఆడిది నమ్మను నాను, నన్ను మురిపించడానికి అంటాడని. నువ్వు సెప్తే నమ్మాల." కళ్ళు తుడుచుకుని, నవ్వి, పక్కింటామెని తిట్టింది. "సూసినావే, నా కూతురు ఉత్తరం రాయదని ఎక్కిరిస్తావు, ఇద్దరు పిల్లల్తో అదెప్పుడు రాస్తాదే!"

ఫిరోజ్ తన కంప్యూటరు పలక మీద రాసుకున్నాడు. మడమ మచ్చ, పదిహేనేళ్ళు, బతికుంది, ఆరోగ్యం. ఎర్రమ్మ వేలిముద్ర వేసింది. మాకు గుప్పెడు నెత్తళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చింది.

జీపెక్కాక చెప్దామనుకున్నాను. దేవుడి తోడు, నోటి చివర దాకా వచ్చింది. అప్పుడే మృణాళిని వెనక్కి తిరిగి, "మామ్మా, ఇప్పటికి మూడొందల ఇళ్ళు తిరిగాం. నీ జ్ఞాపకంలో ఒక్క తప్పు దొరకలేదు. నువ్వు చెబితే ఇంక ఫోను కూడా చెయ్యక్కర్లేదు," అంది. ఫిరోజ్ కూడా అవునవునన్నాడు.

ఆ మాట నాకు ఎంత తీపిగా ఉందో ఏం చెప్పను. జీవితమంతా బేసిన్లు కడిగిన చేతులివి. ఒక డాక్టరమ్మ, ఒక ఇంజనీరు నా మాట వేదంలా రాసుకుంటున్నారు. ఇప్పుడే ఒక అబద్ధం ఆడానని చెప్తే, తక్కినవన్నీ అనుమానమే కదా అనిపించింది. ఆరువందల్లో ఒకటి. తవ్వెడు బియ్యంలో ఒక రాయి. అదేం చేస్తుందిలే అనుకున్నాను. ఎర్రమ్మ మీద జాలితో ఆడిన అబద్ధం అక్కడితో అయిపోయింది. ఆ జీపులో నోరు మూసుకున్నది మాత్రం నా గొప్ప కోసం. ఈ రెంటినీ నేను ఇప్పటికీ కలపను.

మరుసటి ఏడు ఎర్రమ్మ పోయింది. పెద్దకర్మకి వెళ్ళాను. కూతురు బతికుందనుకుంటూనే పోయింది మహాతల్లి. ఇంక ఆ అబద్ధం ఎవరికీ అక్కర్లేదు. అప్పుడు చెప్పినా సరిపోయేది. బస్సులో వస్తూ అనుకున్నాను, రేపు చెప్పాలి అని. రేపు వెళ్ళేసరికి ల్యాబులో మిఠాయిలు పంచుతున్నారు. పెట్టెకి అనుమతి వచ్చింది. నాకు శాలువా కప్పారు.

పెట్టె ఊరూరా వెళ్ళింది. తొమ్మిదివేల మందికి మచ్చలు చూసింది. ఎంతమందికో కత్తి తప్పించింది, ఎంతమందినో ముందే పట్టుకుంది. ఒక బడి పంతులు ముక్కు మీద మచ్చ తొంభై ఒకటి వచ్చింది, కోయించుకుని నాకు అరటిగెల పంపాడు. ఇవన్నీ అబద్ధం కాదు.

మృణాళినికి నేను ఇంటిమనిషినైపోయాను. దాని కూతురు తన్మయిని బడి నుంచి నేనే తెచ్చేదాన్ని. సాయంత్రాలు మృణాళిని సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే అరికాళ్ళకి ఆముదం రాసేదాన్ని, రోజంతా నిలబడి పనిచేసే పిల్ల కదా. ఒకరోజు ఎడమ మడమ పక్కన కంది గింజంత నలుపు కనపడింది.

"ఇదెప్పుడొచ్చిందే?"

"చాలా రోజులైంది మామ్మా. ముగ్గురికి చూపించాను. ఇద్దరు పర్లేదన్నారు, ఒకాయన కోయమన్నాడు. మడమ మీద కోస్తే చర్మం అతికించాలి, నాలుగు నెలలు కాలు కింద పెట్టకూడదు. రేపు మన పెట్టెలోనే చూస్తాలే."

మర్నాడు ల్యాబులో నా ఎదురుగానే ఫిరోజ్ పట్టీ వేసి పీకాడు. పెట్టె గిర్రుమంది. తెర మీద అంకె వచ్చింది. ఆరు.

"ఆరు!" అని చప్పట్లు కొట్టింది తన్మయి. నేను దిష్టి తీశాను. ఆ అంకె ఎవరిని చూసి చెప్పావని పెట్టెని నేనడగలేదు. అడగొచ్చని కూడా నాకు తెలీదు.

ఏడాది తర్వాత ఆముదం రాస్తుంటే ఆ నలుపు చింతగింజంత ఉంది. అంచు ఒకపక్క చెదిరింది. నా వేలికి తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళు అలాంటివి చూసిన వేలు.

"తల్లీ, ఇది పెరిగింది. కోయించేసుకో."

"మామ్మా, ఆరు వచ్చింది. నా పెట్టెని నేనే నమ్మకపోతే జనాన్ని ఎలా నమ్మమంటాను?" అంది నవ్వుతూ. "నువ్వు నేర్పిన పాఠమే కదా అది చెప్పేది!"

నేనూ నవ్వాను. నా వేలు నాకు చెప్తున్నది పక్కన పెట్టి, నా శిష్యుడి మాట విన్నాను.

ఇంకో ఎనిమిది నెలలకి గజ్జల్లో గడ్డ వచ్చింది.

పెట్టె ఎందుకు తప్పిందో తెలియాలి కదా. ఫిరోజ్ మూడు రోజులు దాని ముందు నుంచి లేవలేదు. నాలుగో రోజు నన్ను పిలిచాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"మామ్మా, డాక్టరుగారి మచ్చలో పదిహేడో గుర్తు ఉంది. చాలా అరుదు. మన ఆరువందల నలభై మూడు బిళ్ళల్లో అది ఒక్కదాంట్లోనే ఉంది. ఆ ఒక్క మనిషి పదిహేనేళ్ళు హాయిగా బతికింది కాబట్టి, ఆ గుర్తుంటే భయం లేదని పెట్టె నేర్చుకుంది. ఆ మనిషిని మళ్ళీ చూడాలి. నాలుగువందల పన్నెండు. పోర్ట్‌బ్లెయిర్‌లో అడ్రసు ఏమైనా తెలుసా?"

రాయి అనుకున్నది రాయి కాదు. ఆ గుర్తుకి ఉన్న సాక్షి కాసులమ్మ ఒక్కతే, ఆ సాక్షి నోట్లో నా అబద్ధం పెట్టాను.

"అడ్రసు లేదు నాయనా," అన్నాను. "ముందు డాక్టరమ్మతో మాట్లాడాలి."

మృణాళిని ఆసుపత్రి మంచం మీద కూర్చుని తన్మయి లెక్కల పుస్తకం దిద్దుతోంది. పిల్లని వాళ్ళ నాన్నతో బయటికి పంపించమన్నాను. నిలబడే చెప్పాను, కూర్చోడానికి మనసొప్పలేదు. పల్లె, ఎర్రమ్మ, జీపు, పెద్దకర్మ, శాలువా, ఏదీ దాచలేదు.

మృణాళిని పుస్తకం మూసింది. కలం మూత తీసింది, పెట్టింది.

"జాలిపడి చెప్పావు, అది నాకు అర్థమైంది. జీపులో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు మెచ్చుకున్నావమ్మా. అందుకు."

"వెళ్ళిపో మామ్మా," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపు రాకు. నాకు నిన్ను చూడబుద్ధి కావట్లేదు."

రెండ్రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మూడోరోజు పొద్దున ఫిరోజ్ జీపు తెచ్చాడు. డాక్టరుగారు రమ్మన్నారన్నాడు.

మృణాళిని దిండుకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో ఫిరోజ్ పలక. నన్ను కుర్చీ లాక్కోమంది.

"ఆ గుర్తున్నవాళ్ళు, పర్లేదని మనం పంపేసినవాళ్ళు నలభై ఒక్కరున్నారు మామ్మా. నిన్న అందరికీ కబురు పంపించాం. పెట్టెకి మళ్ళీ నేర్పాలి. ఊరికే పోయింది అంటే చాలదు, ఎన్నాళ్ళకో కావాలి." పలక మీద ఖాళీ పేజీ తీసింది. "గజ్జల్లో గడ్డ కనపడిన రోజు నుంచి కాసులమ్మ ఎన్నాళ్ళు బతికింది?"

నాకు ఆ ప్రశ్న రెండు వైపుల నుంచీ తగిలింది. అది అడుగుతున్నది కాసులమ్మ సంగతి ఒక్కటే కాదు. పక్కన బల్ల మీద తన్మయి లెక్కల పుస్తకం ఉంది, మూడో తరగతి.

నా నోట్లో మూడేళ్ళు అన్న మాట తయారుగా ఉంది. ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో చూడండి! మూడేళ్ళంటే ఈ పిల్ల మొహం ఒక్కసారి తేటపడుతుంది. తన్మయి ఆరో తరగతికి వస్తుంది. ఎవరు తప్పంటారు? కేసు షీటు చెదలు తినేసింది. అన్న వేటలో ఉంటాడు. నేను ఏది చెబితే అదే.

"అప్పటి మందులు వేరమ్మా," అన్నాను.

"మందుల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రోజులు చెప్పు."

"పదకొండు నెలల ఆరు రోజులు," అన్నాను.

పలక మీద దాని వేలు ఆగింది. తర్వాత కదిలింది. తనే రాసుకుంది, ఫిరోజ్‌కి ఇవ్వలేదు. ఆ పైన ఒక్కొక్కటే అడిగింది. నడక ఎప్పుడు ఆగింది? ఎనిమిదో నెలలో. దగ్గు? తొమ్మిదిలో. మనుషుల్ని గుర్తుపట్టిందా చివరిదాకా? పట్టింది, ఆఖరి రోజు నన్ను పేరు పెట్టి పిలిచింది. నొప్పి? ఉందమ్మా, చాలా ఉంది. ప్రతిదానికీ తలూపి రాసింది. అన్నీ అయ్యాక, అవి పెట్టెకి నేర్పి తన మడమ పట్టీని మళ్ళీ చూడమని ఫిరోజ్‌కి చెప్పింది. అతను ల్యాబు నుంచి ఫోను చేసేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. ఫోను పెద్దగా పెట్టింది.

"ఎనభై ఎనిమిది, మేడమ్."

మృణాళిని కళ్ళు మూసుకుని, "ఇప్పుడు సరిగ్గా చెప్తోంది," అంది. ఆ మొహంలో తృప్తి చూశాను నేను. దానికంటే నన్ను కొట్టినా తట్టుకునేదాన్ని.

నలభై ఒక్కరిలో ముప్పై ఎనిమిది మంది దొరికారు. తొమ్మిది మందికి మచ్చ కేన్సరుగా తిరగడం మొదలైంది, ఇంకా లోపలికి పోలేదు, కోసేశారు. ఇద్దరికి ఆలస్యమైంది. వాళ్ళ ఇళ్ళకి నేనే వెళ్ళి, తప్పు ఎవరిదో నా నోటితో చెప్పాను. ఒక ఇంట్లో మంచినీళ్ళిచ్చారు. ఒక ఇంట్లో తలుపేశారు.

మృణాళిని నన్ను మళ్ళీ రానిచ్చింది. క్షమించానని మాత్రం ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు. కొత్త మందులు కొంత పనిచేశాయి. తన్మయి మూడు పూర్తి చేసింది, నాలుగు పూర్తి చేసింది. అయిదో తరగతి పుస్తకాలకి అట్టలు వేసింది వాళ్ళమ్మే, పడుకునే వేసింది.

ఆ ఆషాఢంలో, వాళ్ళమ్మ పోయిన పదో రోజున, ఫిరోజ్ మా ఇంటికొచ్చాడు. గడప మీద కూర్చున్నాడు. మడమ నుంచి తీసిన ముక్కకి బిళ్ళ చేశారని, డాక్టరుగారు ముందే సంతకం పెట్టి ఇచ్చారని చెప్పాడు. ఆరువందల నలభై నాలుగు.

పలక తీశాడు. అతనికి తెలియదా, రోజూ పక్కనే ఉన్నవాడికి? అయినా పద్ధతి పద్ధతే. అడిగాడు.

"ఈ మనిషి ఏమైంది మామ్మా?"

"పోయింది నాయనా," అన్నాను. "గడ్డ కనపడిన రోజు నుంచి ఇరవై నెలల నాలుగు రోజులకి."

రాశాడు. నేను ఒక్క రోజు కూడా కలపలేదు.